రెండో గుప్పెడు

పోయిన నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక, మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు అబ్బాయి గుమ్మం దగ్గర నిలబడి బయటికి వస్తున్న ఆడవాళ్ళందరికీ తలా ఒక గుడ్డసంచి చేతిలో పెట్టాడు. తెల్లటి సంచి, మూతికి తాడు, ముందువైపు కుటుంబం పేరు రాసుకోవడానికి ఎర్రటి గీత. "పిడికెడు బియ్యం మళ్ళీ మొదలుపెడుతున్నాం ఆంటీ. రోజూ వంటకి ముందు ఒక గుప్పెడు తీసి ఇందులో వెయ్యండి. నెలాఖరు ఆదివారం తెచ్చివ్వండి. ఏ కుటుంబం ఎంత తెచ్చిందో అందరి ముందూ చదువుతాం. గుప్పెడు తీసిన ఇంటికి దీవెన తప్పదు," అన్నాడు. మంచి పిల్లవాడే. దుర్గ్‌లో పుట్టి పెరిగాడు, ప్రసంగం హిందీ అక్షరాల్లో రాసుకుని తెలుగులో చెబుతాడు, ముసలివాళ్ళ చెప్పులు వంగి తీసి ఇస్తాడు. పేరు రాయమని పెన్ను కూడా ఇచ్చాడు. సంచి తీసుకున్నాను. పెన్ను తిరిగి ఇచ్చేశాను.

మా అత్త గుప్పెడు బియ్యం సంగతి రాసిపెట్టాలని ఇంటికి నడిచి వస్తూనే తీర్మానించుకున్నాను. నాకు అరవై దాటాయి. ఉద్యోగమంతా పిల్లలకి లెక్కలు చెప్పడంలోనే గడిచింది. తేదీ లేని ఉత్తరమూ, సరిచూడకుండా వదిలేసిన లెక్కా చూస్తే ఇప్పటికీ నాకు ఒంటి మీద ఏదో పాకినట్టుంటుంది. ఆ బియ్యం సంగతి దగ్గరుండి చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది మేమిద్దరమే, నేనూ మా ఆయన ప్రకాశూ. ఆయనకి సంవత్సరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. వాళ్ళ నాన్న పోయింది తొంభై ఆరులో అని మొన్న ఎవరితోనో అంటుంటే విన్నాను. తొంభై నాలుగు. కాబట్టి రాయవలసింది నేనే.

నేను ఆ ఇంట్లో కాలు పెట్టింది తొంభై ఒకటి మే నెలలో. విజయనగరం దగ్గరి మా ఊరి నుంచి వచ్చి భిలాయి-3 స్టేషన్లో దిగి, పెట్టె మోసుకుంటూ రైల్వే క్వార్టరుకి నడిచాం. రెండు గదులు, ముందు వరండా, వెనక పెరట్లో మనిషి నడుం లోతున్న సిమెంటు టాంకీ. కుళాయి పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వచ్చేది, ఆ టాంకీ నింపుకోవడమే ఆ ఇంటి మొదటి పని. యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి గుద్దుకునే చప్పుడు పగలూ రాత్రీ వినిపించేది. మొదటి వారం ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడ్డాను. తర్వాత అది ఆగితేనే మెలకువ వచ్చేది. పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి ఉక్కు ప్లాంటు నుంచి వచ్చిన ఎర్రటి దుమ్ము వేలితో పేరు రాయగలిగినంత పేరుకునేది. ఇంట్లో ఎప్పుడూ మూడు వాసనలు: బొగ్గుల సిగ్డీ పొగ, మామగారి చుట్ట, అత్త తలకి పెట్టుకునే ఆముదం. ఈ మూడూ కలిస్తే ఏ వాసన వస్తుందో చెప్పడానికి నా దగ్గర మాట లేదు. ఇప్పుడు ఎక్కడైనా ఆ వాసన తగిలితే మాత్రం అక్కడే ఆగిపోతాను.

మామగారి పేరు అప్పలస్వామి. యార్డులో పాయింట్స్‌మన్‌గా చేసి అప్పటికి కొత్తగా రిటైరయ్యారు; ప్రకాశూ రైల్వేలోనే చేరడంతో క్వార్టరు కొడుకు పేరు మీదికి మారింది. మామగారిది వచ్చే వ్యాగన్లని ఏ పట్టాల మీదికి మళ్ళించాలో ఆ మీట లాగే పని. హిందువు. ముందుగదిలో తూర్పు గోడ ఆయనది, దాని మీద సింహాద్రి అప్పన్న పటం. పడమటి గోడ అత్త సంతోషమ్మది, దాని మీద సిలువ బొమ్మ ఉన్న క్యాలెండరు. రైల్వే కాలనీల్లో అప్పట్లో ఇలాంటి ఇళ్ళు చాలానే ఉండేవి, ఎవరూ వింతగా చూసేవారు కాదు. ఆయన సాయంత్రాలు చీట్లాడేవారు, పింఛను రోజుల్లో తాగేవారు, తాగి వచ్చిన రోజు వరండాలోనే పడుకునేవారు. ఆమె శుక్రవారాలు ఉపవాసం, శనివారాలు మేం గుడి అని పిలిచే చర్చిలో చాపలు ఉతకడం, కాలనీలో ఎవరికి జ్వరం వచ్చినా అక్కడ ప్రత్యక్షం. మోకాళ్ళ మీద కాయలు కాచి నల్లబడ్డాయి. కూర్చుని ప్రార్థన చేసుకునే ఆడవాళ్ళని చూస్తే ఆమెకి పడేది కాదు. "దేముడి కాడ కూడా కుర్సీయేటి?" అనేది.

గుప్పెడు బియ్యం అలవాటు మా పుట్టింట్లోనూ ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టేముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం అది గుడికి వెళుతుంది, అక్కడి నుంచి లేనివాళ్ళ ఇళ్ళకి వెళుతుంది. అయితే ఈ ఇంట్లో మొదటిరోజే గమనించాను, అత్త రెండు గుప్పెళ్ళు తీసింది. మొదటిది మాట్లాడకుండా వనస్పతి డబ్బాలో వేసింది. రెండోది పట్టుకుని, కళ్ళు మూసుకుని, పక్క గదికి వినిపించేంత గట్టిగా, "అప్పలసామి పేరు మీద," అని వేసింది. నేను నిర్ఘాంతపోయాను. మా వైపు ఆ తరం ఆడవాళ్ళు భర్త పేరు నోటితో చెప్పరు. రేషన్ కార్డు దగ్గర గుమాస్తా అడిగినా పక్కవాళ్ళ చేత చెప్పిస్తారు.

"ఇదేటత్తా, రెండు తీసినావు?" అని అడిగాను.

"మొదటిది ఇంటిది. రొండోది మీ మావది."

"మావయ్య నమ్మలేదు కదా?"

"నమ్మనేదు గాబట్టే గదే. రేపు దేముడి ముందర ఒట్టి సేతుల్తో నిలబడితే బాగుంతాదేటి? ఆయన పేరు మీద ఏదో ఒకటి ఉండాల గదా."

"పేరు ఎందుకు పలికావు మరి?"

"పలక్కపోతే ఎవురిదో దేముడికెలా తెలుస్తాదే, పిచ్చిదానా!"

నాకు ఆ పద్ధతి నచ్చిందనే చెప్పాలి. ఒకరు వెయ్యనిది ఇంకొకరు వేస్తే మొత్తం సరిపోతుంది, కూడికలో ఎవరు వేశారన్నది తేడా రాదు. ఒక్కటే నచ్చలేదు. గుప్పెడు రోజుకొకలా వస్తుంది. ఒకరోజు పొంగి ఉంటుంది, ఒకరోజు వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. "చిన్న గ్లాసు పెట్టుకుందాం అత్తా, రోజూ సమానంగా వస్తుంది," అన్నాను. "దేముడికి గళాసేటే? నీ ఇస్కూలనుకున్నావేటి?" అంది. అని, ఆ రోజు నుంచి రెండో గుప్పెడు మొదటిదానికన్నా గట్టిగా బిగించి తియ్యడం మొదలుపెట్టింది. నా మాట పనిచేసిందని నేను సంతోషించాను.

ఆదివారాలు మామగారు ఆమెని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని గుడికి తీసుకెళ్ళేవారు. డబ్బా ఆమె ఒళ్ళో. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో కూడా ఆదివారం డ్యూటీ పడితే ఎవరితోనో మార్చుకుని ఈ పని మాత్రం తప్పకుండా చేసేవారట. గేటు దగ్గర దింపి, "ఎల్లిరా," అని, తను లోపలికి రాకుండా రోడ్డుకి అవతల ఉన్న చాయ్ దుకాణం బల్ల మీద కూర్చునేవారు. రేకుల కప్పు మీద మా గుడి బోంగా, అదే మైకు గొట్టం, రోడ్డు వైపే తిరిగి ఉండేది. ఒకసారి వాన ముంచెత్తుతుంటే, కుమ్హారి నుంచి వచ్చే ఆ చాయ్‌వాలా, "బాబూజీ, అందర్ చలే జాయియే," అని గుడి వైపు చెయ్యి చూపించాడు. "నానా? నాను సైకిలుకి చౌకీదార్ని," అని ఈయన తెలుగులోనే జవాబు చెప్పి ఇంకో చాయ్ పోయించుకున్నారు. అప్పటి పాస్టరు రత్నంగారికి ఒకటే పాట. రక్షణ కొనుక్కునేది కాదు, సంపాదించేది కాదు, ఇస్తే పుచ్చుకునేది; మంచిపనులు దాని వెనక వచ్చేవే తప్ప దానికి వెల కావు. ఏ వాక్యం తీసుకున్నా చివరికి అక్కడికే వచ్చేవారు. అత్త లోపల మొదటి వరసలో కూర్చుని, "ఆమెన్," అనేది. సోమవారం పొద్దున మళ్ళీ రెండు గుప్పెళ్ళు తీసేది. మామగారు బయట చాయ్ ఊదుకుంటూ కూర్చునేవారు. ఆయన వింటున్నారని మాలో ఎవరికీ తట్టలేదు.

తొంభై నాలుగు ఎండాకాలంలో ఆయనకి కాళ్ళు వాచాయి. తర్వాత పొట్ట, తర్వాత పడుకుంటే ఊపిరి ఆడకపోవడం. గుండె బాగా పెద్దదైపోయిందనీ, ఇంటికి తీసుకెళ్ళి కావలసినవి పెట్టమనీ డాక్టరు చెప్పాడు. ఆ మాటకి అర్థం ఏమిటో అందరికీ తెలిసింది. వరండాలో మంచం వేసి మూడు తలగడలు పెట్టి కూర్చోబెట్టాం. చుట్ట కాల్చే ఓపిక లేక వేళ్ళ మధ్య ఊరికే పట్టుకునేవారు. ఒక మధ్యాహ్నం అత్త మంచం పక్కన కూర్చుని తోటకూర బాగుచేస్తోంది.

"ఓలే సంతోషం," అన్నారాయన. "మీ పాదిరిగారిని ఓపాలి రమ్మను."

"ఎందుకు?"

"బాప్తీసం పుచ్చుకుంతాను."

ఆమె చేతిలో కాడ విరిగింది. ముప్ఫై ఏళ్ళుగా ఆమె మోకరించింది ఈ ఒక్క మాట కోసమే. ఏడుస్తుందనుకున్నాను, పాట ఎత్తుకుంటుందనుకున్నాను. ఆమె ఆకులన్నీ చేటలోకి ఎత్తుకుని, "సూద్దాం," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రత్నంగారు మర్నాడే వచ్చారు. స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుని, "అప్పలస్వామిగారూ, దేవుడు మిమ్మల్ని ఎందుకు చేర్చుకోవాలంటారు?" అని అడిగారు.

"ఎందుకో నాకు తెల్దు బాబూ. నాను సేసిందేటీ నేదు. తాగినాను, సీట్లాడినాను. ఇయ్యాల ఏదైనా మంచిపని సేద్దారన్నా మంచం దిగనేను. ఊరికినే ఇస్తాడని బోంగాలో అరిసింది నువ్వే గదా. ఏసుబాబు నాకోసరం సచ్చిపోనాడన్నావు. నిజమేననుకున్నాను. ఇస్తానంతే పుచ్చుకుంతాను. కాదంతే ఇప్పుడే సెప్పీయి."

రత్నంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కాదని ఎలా అంటానండీ? లోపల కూర్చున్నవాళ్ళు కూడా నాకు ఇంత సూటిగా జవాబు చెప్పలేదు."

వంటింటి గుమ్మంలోంచి అత్త గొంతు వినిపించింది. "ఊరికినేనా? ఊరికినే ఏటి బాబూ!" వనస్పతి డబ్బా రెండు చేతులతో పట్టుకుని వచ్చి పాస్టరుగారి కాళ్ళ దగ్గర పెట్టింది. "ఇన్నేళ్ళూ ఆయన పేరు మీద తీసినాను. మానేసిన రోజు నేదు. పురుడొచ్చిన రోజు కూడా పక్కింటిదాని సేత తీయించినాను. ఇది నెక్కలోకి రాదేటి?"

"ఈ బియ్యం ఎన్నో ఇళ్ళకి వెళ్ళిందమ్మా. లైను క్వార్టర్లలో భర్త పోయినావిడ పిల్లలు దీంతోనే పెరిగారు."

"అది కాదు బాబూ నానడుగుతున్నది. ఆయన కాతాలో ఎంత పడినాది?"

రత్నంగారు అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఏమీ పడలేదమ్మా. ఆయనకి వచ్చింది దీని వల్ల కాదు."

"మరయితే నా బియ్యం ఏటయిపోనాయి?"

"వండుకుని తినేశారమ్మా," అన్నారాయన మెల్లగా. "దానికోసమే కదా ఇచ్చారు?"

ప్రకాశ్‌కి నవ్వు వచ్చి, వాళ్ళమ్మ మొహం చూసి దగ్గుగా మార్చుకున్నారు. ఆమె డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. గేటు దాకా సాగనంపుతుంటే రత్నంగారు నాతో సంగతులు చెప్పారు. పాఠాలు పూర్తిచేశాకే బాప్తిస్మం అంటున్న సంఘ పెద్దల్ని ఆయన ఒప్పిస్తారు. నీళ్ళలో ముంచడం మాత్రం తప్పదు. నదికి తీసుకెళ్ళలేం కాబట్టి పెరట్లో టాంకీ సరిపోతుంది. ఇక మా సంఘం పద్ధతి ప్రకారం, ఈ మనిషి నమ్మాడని ఆ ఇంటి విశ్వాసి ఒకరు అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. "మీరున్నారు కదమ్మా," అన్నారు. నేను సరేనన్నాను. మామగారు ఒప్పుకోలేదు. "నువ్వొద్దమ్మా విజియా. అది సెప్పాల. అది సెప్పకపోతే నాకు బాప్తీసమే వొద్దు."

ఆదివారానికి ముహూర్తం కుదిరింది. ఆ ఆదివారం దాటితే ఇంకో ఆదివారం ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. నాకు పట్టుదల ఎక్కువ, ఒక పని ఆగి ఉంటే అన్నం సయించదు. ఆ సాయంత్రమే వంటింట్లో ఆమెని పట్టుకున్నాను. "అత్తా, చెప్తావా, చెప్పవా?"

"నానేటి సెప్పాల? నాను మోకాళ్ళరిగిపోయీలా పార్దన సేస్తే రానిది, ఎదర సాయ్ తాక్కుంతా కూకున్నోడికి వొచ్చీసినాదని సెప్పాలా?" సిగ్డీలో బొగ్గులు కదిపి, నా వైపు తిరిగింది. "ఊరికినే వొచ్చీదయితే, మరి నాకూ ఆయనకీ తేడా ఏటే? నువ్వు సదూకున్నావు గదా, సెప్పు."

రోజంతా పనిచేసినవాళ్ళకీ, పొద్దుపోయాక వచ్చినవాళ్ళకీ ఒకటే ఇస్తే, లెక్కల టీచరుగా నాకూ అది మింగుడుపడే మాట కాదు.

మర్నాటి నుంచి ఆమె గుప్పెళ్ళు తియ్యడం మానేసింది. మొదటిదీ లేదు, రెండోదీ లేదు. చెయ్యి అలవాటుగా బియ్యంలోకి వెళ్ళి, గుప్పెడు పట్టి, మళ్ళీ అక్కడే విదిల్చేసేది. ఆ ఇంట్లో అత్తెసరు అన్నమే తప్ప గంజి వార్చే అలవాటు లేదు. రెండు సోలల బియ్యం కొలవడం, రెండు గుప్పెళ్ళు తియ్యడం, అల్యూమినియం గిన్నెలో సొట్టపడిన చోటు దాకా నీళ్ళు పొయ్యడం, ఇదీ ఏళ్ళ తరబడి ఆమె కొలత. ఇప్పుడు బియ్యం రెండు గుప్పెళ్ళు ఎక్కువ, నీళ్ళు మాత్రం అదే సొట్ట దాకా. అన్నం పలుకు వచ్చింది. ఆ పూటా, మర్నాడూ అంతే. కంచంలో వేస్తే గింజలు టపటపమని చప్పుడు చేశాయి. ఎందుకు వస్తోందో నాకు మొదటి ముద్దలోనే అర్థమైంది. ప్రకాశ్‌కి కాలేదు. "అమ్మా, యే క్యా హై? బియ్యం మార్చినారా?" అన్నారు. అత్త ఆయన వైపు చూసిన చూపుకి మిగతా అన్నం నమలకుండానే మింగేశారు.

మామగారికి నేనే మజ్జిగలో మెత్తగా పిసికి తినిపిస్తున్నాను. మూడోనాడు ఆయన ఒక మెతుకు వేళ్ళతో నొక్కి చూసి, "సంతోషం, ఇలగ్రా," అని పిలిచారు. ఆమె వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"నా గుప్పెడు నాకే ఎనక్కొచ్చీసినట్టున్నాదే. ఇన్నేళ్ళు నా పేరు మీద దాసినావు, ఇప్పుడు నా సేతే నమిలిస్తన్నావు. పళ్ళు మాత్రం నేవు."

ఆమె పెదవి బిగించింది. ఆ బిగింపు ఆగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కింద కూలబడి, నవ్వు ఎక్కడ ఆగిందో ఏడుపు ఎక్కడ మొదలైందో తెలియకుండా ఏడిచింది. నేను లేచి వెళ్ళిపోబోతే మామగారు చెయ్యి ఊపి ఉండమన్నారు.

"ఓలే, ఇను," అన్నారు. "మొగుడి పేరు సెప్పని దానివి. ఒక్క ఆ బియ్యం కాడ సెప్పీదానివి. అవతల గదిలో పడుకుని రోజూ ఇనీవోణ్ణి. అది ఇనీకే మెలకువొచ్చీది నాకు. నామీద పేమ అనుకున్నాను. నా బాకీ కడతన్నావని నాను అనుకోనేదే."

"పేమ కాకపోతే మరేటి?" అంది ఆమె కొంగులోంచి.

"మరయితే బాకీ అనకు."

అంతే మాట్లాడారు. ఆయనకి ఆయాసం వచ్చింది, నేను వీపు రాశాను. ఆమె చాలాసేపు ఆయన వాచిన పాదాల వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి చీర ఎగదోపుకుంది. "టాంకీ పాసి పట్టీసున్నాది," అంది నాతో. "రేపు నీళ్ళొచ్చీలోగా తోమాల. కొబ్బరిపీసు తీసుకునిరా."

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా మా పెరట్లోకి వచ్చింది. పక్క క్వార్టరు వాళ్ళు గోడ మీదుగా చూశారు. బల్ల ఖాళీగా ఉందని చాయ్‌వాలా కూడా దుకాణం వదిలి వచ్చాడు. అత్త తెల్లవారకముందే సిగ్డీ అంటించి బిందెల మీద బిందెలు నీళ్ళు కాచి టాంకీలో కలుపుతూనే ఉంది. ఒక పెద్దాయన చెయ్యి పెట్టి చూసి, "గోరువెచ్చని బాప్తిస్మం నేనెక్కడా వినలేదమ్మా," అన్నాడు. "ఇయ్యాల ఇన్నావు గదా. మా ఆయనకి సన్నీళ్ళు పడవు, జరుగు," అని ఇంకో బిందె వంచింది. నలుగురు మామగారిని కుర్చీతో సహా మోసుకొచ్చి టాంకీ పక్కన దించారు.

"ఈయన నమ్మారని సాక్ష్యం చెప్పేది ఎవరు?" అని రత్నంగారు అడిగారు.

"నాను." చేతులు చీరకి తుడుచుకుంటూ ముందుకు వచ్చింది.

"ఎవరిని గురించి చెబుతున్నారమ్మా?"

ఆడవాళ్ళందరూ ఆమె నోటి వైపే చూశారు. పక్కావిడ అందించడానికి సిద్ధంగా కూడా ఉంది. అత్త తల ఎత్తి, బియ్యం దగ్గర పలికినంత గట్టిగా, "అప్పలసామి," అంది. "మా ఆయన. నమ్మినాడు, నాకు తెల్సు. ఏటి సేసినాడని అడక్కండి, ఏటీ సెయ్నేదు." అక్కడితో ఆపెయ్యవచ్చు, సాక్ష్యం పూర్తయింది. ఆపలేదు. "నాను సేసిందీ అందులోకి రాదు. నాకూ ఊరికినే ఇచ్చినాడు. ఇన్నాళ్ళూ ఇన్నాను గానీ నాకు తెల్దు. ఈయన్ని సూసి తెలిసినాది."

రత్నంగారూ ఇంకో ఇద్దరూ నీళ్ళలోకి దిగి మామగారిని చేతుల మీద తీసుకుని ముంచి లేపారు. ఆయన తల విదిలించి, కళ్ళు తెరిచి, మొదట వెతికింది ఆమెనే. "నీళ్ళు బాగున్నాయే," అన్నారు.

వానలు మొదలవకముందే పోయారు. ఆ రోజు కూడా అత్త తూర్పు గోడ మీది అప్పన్న పటం తీయించలేదు, బోసిగా ఉంటుందంది. సమాధి దగ్గర నుంచి వచ్చిన మర్నాడు, చుట్టాలకి వంట చెయ్యాలని లేచింది. ఆ మధ్యలో రోజూ పలుకు రాకుండా గిన్నెలో నీళ్ళు సొట్టకన్నా రెండు వేళ్ళు పైకి పోస్తున్నది నేనే. ఆ రోజూ అలాగే పోశాను. ఆమె బియ్యం కొలిచి, ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేసింది. ఖాళీ డబ్బా అడుగున గింజలు పడిన చప్పుడుకి నేను తిరిగి చూశాను. రెండో గుప్పెడు తీసింది. కళ్ళు మూసుకుంది. పేరు చెబుతుందని ఎదురుచూశాను. ఏమీ చెప్పకుండా వేసేసింది.

"ఇది ఎవరి పేరు మీదత్తా?"

"తినీవోళ్ళ పేరు మీద."

ఆ పూట అన్నం జావయింది, నా రెండు వేళ్ళ నీళ్ళ వల్ల.

ఆమె తర్వాత పదకొండేళ్ళు బతికింది. చాపలు ఉతికింది, జ్వరాల ఇళ్ళకి తిరిగింది, ఉపవాసం మానలేదు, రెండు గుప్పెళ్ళూ మానలేదు. బయటినుంచి చూసినవాళ్ళకి అదే సంతోషమ్మ. కూర్చుని ప్రార్థన చేసేవాళ్ళని ఏమీ అనకపోవడం నేను గమనించాను. చివరి రోజుల్లో తనూ కుర్చీలోనే కూర్చుని చేసుకునేది, మొహంలో బరువు లేకుండా. ఇప్పుడు ఆ క్వార్టర్లు సగం కూలిపోయాయి. మా సొంత ఇంట్లో కుళాయి రోజంతా వస్తుంది. గుడికి పెద్ద భవనం వచ్చింది, బోంగా పోయింది, ప్రసంగం ఫోన్లో వస్తుంది. రోడ్డు అవతల బల్ల మీద కూర్చున్నవాళ్ళకి ఇప్పుడు మా మాట వినపడదు. ఆ ఒక్క విషయంలో అప్పుడే బాగుండేదంటాను. మిగతా వాటిలో, నీళ్ళు మోసిన మనిషిని కాబట్టి, ఇప్పుడే బాగుంది.

నెలంతా సంచిలో గుప్పెళ్ళు వేశాను, రోజుకి రెండు. నీళ్ళు ఆ మేరకు తగ్గించి పోశాను. మొన్న ఆదివారం తీసుకెళ్ళి ఇస్తే పాస్టరు అబ్బాయి సంచి తిప్పి చూశాడు. "ఆంటీ, పేరు రాయలేదు. చదివేటప్పుడు ఎవరిదని చెప్పను?"

"చదవొద్దు బాబూ. వండుకుని తినేవాళ్ళకి ఇచ్చెయ్యి."

"మరి దీవెన మీ ఇంటి పేరు మీద అడగాలి కదా ఆంటీ?"

"అది ముందే వచ్చేసింది. బియ్యం తర్వాత మొదలుపెట్టాం," అన్నాను. తొంభై నాలుగు నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాను, గుమ్మంలోనే నిలబడి, వెనక వరస ఆగిపోయినా సరే. అతను చివరిదాకా విన్నాడు. చేతిలోని పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకుని, వెనకావిడ సంచి పేరు చూడకుండా అందుకున్నాడు.